ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం చీకటి

కంప్యూటర్ క్యాబినెట్‌లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ముందున్న లైటూ వెలుగుతూనే ఉంది, మానిటర్‌లో మాత్రం చుక్క వెలుతురు లేదు. ఎక్సెల్‌లో నెలాఖరు లెక్కలు సగంలో ఉండగా నీలి తెర ఒక్క క్షణం మెరిసి, కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయి, మళ్లీ ఆన్ చేస్తే మిగిలింది ఈ చీకటే.

ముందు మానిటర్‌నే అనుమానించాను. కేబుల్ ఊడదీస్తే ‘నో సిగ్నల్’ అని చూపించింది కాబట్టి దాని తప్పేమీ లేదు. క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు దీపం వెలగలేదు. బహుశా విండోస్ దాకా పోకముందే, లోపలి భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు, ఆన్ కాగానే చేసే తొలి తనిఖీలోనే ఆగిపోయి ఉండాలి. విండోస్ మళ్లీ ఎక్కించమని ఫోనులో చెప్పిన బావగారి సలహాను అందుకే మర్యాదగా పక్కన పెట్టాను.

ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి, పక్క మూత విప్పాను. రెండు ర్యాములను, అంటే మెమరీ పలకలను, ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే, ఒకదానితో తెర వచ్చింది, రెండోదానితో రాలేదు. ఆ రెండోదాని బంగారు రంగు అంచు మీద, వేలిముద్రంత మేర, మసకగా ఒక మరక ఉంది. అమ్మాయి పెన్సిల్ డబ్బాలోని రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు క్లిప్పులూ టక్కుమనేదాకా నొక్కితే తెర వెలిగింది.

లెక్కల ఫైలు పది నిమిషాల వెనకటి రూపంలో దొరికింది. ఇప్పుడు మెమరీ పరీక్ష నడుస్తోంది. నల్లబడిన రబ్బరుకు బదులు పొద్దున బడి వేళకల్లా కొత్తది కొనివ్వాలని అమ్మాయి ఉత్తర్వు జారీ చేసింది.