లేచి నిలబడితే ఏమవుతుంది?

ఫిజియాలజీ (ఒంటి పనితీరు చెప్పే సబ్జెక్టు) మొదటి వైవాలో, అంటే నోటి పరీక్షలో, నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "పడుకున్న మనిషి టక్కున లేచి నిలబడ్డాడు. ఒంట్లో ఏం జరుగుతుంది?"

గుండె గురించి చెప్పమంటే చెప్పేవాణ్ణి. ఒక్కో స్పందనకి 70 మి.లీ., నిమిషానికి 72 సార్లు, మొత్తం దాదాపు 5 లీటర్లు అని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. కానీ ఈ ప్రశ్న ఏ చాప్టర్‌లోదో అర్థం కాలేదు. నోరు పెగల్లేదు. మేడమ్ కాసేపు చూసి, "సరే, వెళ్ళు" అన్నారు. పోయింది.

అప్పటికి నాది వారానికో అవయవం లెక్క. గుండెకో నోటు పుస్తకం, ఊపిరితిత్తులకో పుస్తకం, కిడ్నీకి ఇంకోటి. కిడ్నీ మొదలెట్టేసరికి గుండె సగం మర్చిపోయేవాణ్ణి.

ఆ రాత్రి పుస్తకం తీయబుద్ధి కాలేదు. మంచం మీద అయిదు నిమిషాలు కదలకుండా పడుకుని నాడి లెక్కపెట్టాను. 66. లేచి నిలబడి మళ్ళీ చూశాను. 84. ఈ పద్దెనిమిది ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆ ఒక్కదాన్నే పట్టుకుని వెళ్ళాను. నిలబడగానే అర లీటరు పైచిలుకు రక్తం కాళ్ళలోకీ పొట్ట సిరల్లోకీ దిగుతుంది. గుండెకి తిరిగొచ్చేది తగ్గుతుంది, అది నిండేదీ తగ్గుతుంది, కాబట్టి ఒక్కో స్పందనకి బయటికి పంపేదీ తగ్గుతుంది. బీపీ పడుతుంది. మెడలో కరోటిడ్ సైనస్ అనే ధమని ఉబ్బు దగ్గరున్న బారోరిసెప్టర్లు, అంటే ఒత్తిడిని కనిపెట్టే నాడి కొనలు, దాన్ని పసిగడతాయి.

ఇక్కడే చాలా రోజులు తప్పుగా అనుకున్నాను. బీపీ పడగానే అవి గంట కొడతాయని నా ఊహ. నిజానికి ధమని గోడ సాగితేనే అవి సిగ్నళ్ళు పంపుతాయి. బీపీ పడితే వాటి గొంతు తగ్గుతుంది. మెదడు అడుగున ఉండే మెడుల్లాకి ఆ తగ్గడమే కబురు. గుండెని దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొట్టుకుంటుంది. వేగస్ నాడి బ్రేకు తొక్కి ఉంచుతుంది కాబట్టే మామూలుగా 70 దగ్గర ఉంటుంది. అంటే నా పద్దెనిమిదిలో ఎక్కువ భాగం, కాలు బ్రేకు మీంచి తీయడం వల్ల వచ్చిందే. ఒంటిని హుషారు చేసే సింపథెటిక్ నాడులు వెనకే వచ్చి రక్తనాళాలని బిగిస్తాయి. ఇదంతా కొన్ని సెకన్ల పని.

ఇంకాసేపు నిలబడే ఉంటే కిడ్నీ రెనిన్ అనే ఎంజైమ్ వదులుతుంది. అది పనిచేసేది లివర్ తయారుచేసిన ప్రోటీన్ మీద. అందులోంచి వచ్చిన ముక్కని ఎక్కువగా ఊపిరితిత్తుల్లోని ఎంజైమ్ యాంజియోటెన్సిన్ 2 అనే హార్మోన్‌గా మారుస్తుంది. అది ఎడ్రినల్ గ్రంథిని తట్టి లేపితే ఆల్డోస్టిరోన్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది. ఉప్పుని పట్టి ఉంచమని ఆ ఆల్డోస్టిరోన్ మళ్ళీ కిడ్నీకే చెబుతుంది. విడివిడిగా రాసుకున్న నా పుస్తకాలన్నీ ఒకే కాగితం మీదకొచ్చాయి.

కిడ్నీ మీద భయం కూడా అప్పుడే కాస్త వదిలింది. రోజుకి 180 లీటర్లు వడకట్టి లీటరున్నర మాత్రమే బయటికి వదులుతుందంటే, ఉన్న మూడు లీటర్ల ప్లాస్మానే (రక్తంలోని ద్రవభాగం) అరవైసార్లు తిప్పి తిప్పి వడకడుతోందన్నమాట. కిడ్నీలో వంపు తిరిగిన సన్న గొట్టం, హెన్లీ లూప్ మాత్రం ఓ పట్టాన లొంగలేదు. అక్కడ గాఢత నాలుగింతలు ఎలా పెరుగుతుందో మూడుసార్లు బొమ్మ గీస్తే గానీ ఎక్కలేదు. జీర్ణవ్యవస్థ తేలిగ్గానే అయిపోయింది. హార్మోన్ల పేర్లకి ఏ చిట్కా లేదు, బట్టీయే.

రెండో వైవాలో మళ్ళీ అదే మేడమ్. "ఊపిరి బిగబడితే?" అన్నారు. ఒక నిమిషం టైమ్ అడిగి కార్బన్ డయాక్సైడ్‌తో మొదలెట్టాను. మనల్ని తట్టుకోలేకుండా చేసేది ముఖ్యంగా అది పేరుకోవడమే, ఆక్సిజన్ తగ్గడం కాదు. రక్తం ఆమ్లంగా మారడం, మెడుల్లా, అక్కడి నుంచి ఊపు మీద కిడ్నీలోకి వెళ్ళిపోయి ఆమ్లాన్ని తగ్గించే బైకార్బొనేట్‌ని అది ఎలా సర్దుతుందో చెబుతున్నాను.

"దానికి ఎంత టైమ్ పడుతుంది?"

"రోజులు పడుతుంది మేడమ్."

"అంతసేపు ఎవరూ బిగబట్టలేరు గానీ, చాలు, వెళ్ళు" అన్నారు.