అమ్మమ్మ మోకాలు, పిల్లల వేసవి సెలవులు

జూన్‌లో పిల్లలకి బడి సెలవులు. అదే నెలలో హైదరాబాద్‌లో అమ్మకి మోకాలి మార్పిడి ఆపరేషన్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకులూ కూతుళ్ళూ ఈ రెండింటినీ ముడిపెట్టి టిక్కెట్లు కొనేస్తారు. అమ్మకి తోడుగా ఉన్నట్టూ ఉంటుంది, పిల్లలకి నాలుగు తెలుగు ముక్కలు వచ్చినట్టూ ఉంటుందని. ఆలోచన మంచిదే. కానీ అమ్మది మామూలు అరుగుదల కాకుండా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం అయితే లెక్క మారిపోతుంది. అరుగుదల ఉన్నవాళ్ళలో చాలామందికి వాకర్ పట్టుకోవడానికి చేతులైనా బాగుంటాయి. కీళ్ళవాతంలో మణికట్లు, వేళ్ళు, భుజాలు, ఒక్కోసారి మెడ కూడా దెబ్బతిని ఉంటాయి. పైగా ఆ జబ్బుని అదుపులో పెట్టే మందులే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే శక్తినీ తగ్గిస్తాయి.

అన్నిటికన్నా ముందు తేదీల సంగతి. టిక్కెట్టు కొనేసి, దానికి సరిపడేలా ఆపరేషన్ పెట్టించడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. బయోలాజిక్ సూదులు (కీళ్ళవాతాన్ని అదుపు చేయడానికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు) వాడేవారికి సూది ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టే ఆపరేషన్ తేదీ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, అక్కడి తుంటి, మోకాలి సర్జన్ల సంఘం కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రెండు వారాలకోసారి అడాలిముమాబ్ తీసుకునేవారికి ఆఖరి సూది తర్వాత మూడో వారంలో ఆపరేషన్ పెట్టుకోవాలి. వారం వారం ఎటానెర్సెప్ట్ అయితే రెండో వారంలో, ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ అయితే ఏడో నెలలో. టోఫాసిటినిబ్ మాత్రలు మూడు రోజుల ముందు ఆపాలి. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, లెఫ్లునోమైడ్ మాత్రం ఆపనక్కర్లేదు. రోజూ వేసుకునే స్టెరాయిడ్‌ని సొంతంగా మానేస్తే రక్తపోటు పడిపోయే ప్రమాదముంది. ఆపిన సూదిని, గాయం మానుతూ, కుట్లు తీసేసి, ఎర్రదనం, చెమ్మ ఏమీ లేవని చూశాక, సాధారణంగా రెండు వారాలకి మళ్ళీ మొదలుపెడతారు. ఎవరికి ఏది అన్నది రుమటాలజిస్టూ ఎముకల సర్జనూ మాట్లాడుకుని చెప్పాలి. ఇద్దరూ వేర్వేరు ఆసుపత్రుల్లో ఉంటే ఆ మాట కలిపించే బాధ్యత కుటుంబానిదే. మెడలో నొప్పి ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. మెడ వంచి, చాపి తీసే ఎక్స్‌రే చూశాకే, మత్తులో ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసే విధానం నిర్ణయిస్తారు.

ఇక పిల్లలు. ఆపరేషన్ రోజుకి వాళ్ళు అక్కడ ఉండాల్సిన పని లేదు. తల్లిదండ్రుల్లో ఒకరు రెండు మూడు రోజుల ముందు చేరుకోవాలి. పిల్లల్ని తీసుకుని రెండోవాళ్ళు, 12–14 రోజులకి కుట్లో పిన్నులో తీసేశాక రావాలి. ఇరవై గంటల ప్రయాణంలో పట్టుకున్న జలుబు శంషాబాద్‌లో దిగిన మూడో రోజుకి బయటపడుతుంది. పచ్చి గాయంతో ఉన్న మనిషి గదిలోకి దాన్ని తీసుకెళ్ళకూడదు. పిల్లల టీకాలు కూడా పూర్తయి ఉండాలి. ముక్కులో కొట్టే ఫ్లూ టీకాలో ఉండేది బతికున్న వైరస్ కాబట్టి, అమ్మ మందుల సంగతి చెప్పి పిల్లల డాక్టరుని సూది టీకా అడగడం మేలు. బడిలో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే ప్రయాణం ముందు డాక్టరుతో మాట్లాడాల్సిందే.

రెండు వారాలకి వచ్చిన పిల్లలకి ట్యాబ్ ఇచ్చి పక్క గదిలో కూర్చోబెట్టకండి. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. 'అమ్మమ్మని విసిగించకు' అని పదిసార్లు విన్న పిల్లకి అమ్మమ్మంటే దూరంగా ఉండాల్సిన మనిషి అవుతుంది. నిజమైన పని అప్పజెప్పండి. ఎనిమిదేళ్ళ పిల్లకి సరిపోయే పని వ్యాయామాల లెక్క. మేలుకుని ఉన్నప్పుడు గంటకోసారి పాదాన్ని పైకీ కిందికీ పదిసార్లు ఆడించాలి. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఇది. తొడ కండరం బిగించి ఐదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు. మడమని మంచం మీద జరుపుతూ మోకాలు వంచాలి, పదిసార్లు. ఒకటి నుంచి పది దాకా తెలుగులో లెక్కపెడితే రోజుకి ఎన్నిసార్లవుతుందో చూడండి. వంచు, చాపు, బిగించు, వదులు, మడమ, పిక్క, చీలమండ, మణికట్టు: శనివారం తెలుగు క్లాసులో రాని మాటలన్నీ వారంలో నోటికొస్తాయి. అవి అవసరమైన మాటలు కాబట్టి నిలుస్తాయి కూడా.

ఈ వ్యాయామం పొద్దున్న ఏడింటికి పెట్టకండి. కీళ్ళవాతంలో నిద్ర లేచాక గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఒళ్ళంతా పట్టేసినట్టుంటుంది. వేళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకుని, టిఫిన్ చేసి, నొప్పి మాత్ర వేసుకున్న అరగంట తర్వాత, పదింటి ప్రాంతంలో ఫిజియోని రమ్మంటే మోకాలు సహకరిస్తుంది. మామూలుగా రెండు వారాలకి మోకాలు 90 డిగ్రీల దగ్గరికి వంగాలని చూస్తారు. వంగడం కన్నా ముఖ్యం పూర్తిగా చాపగలగడం. అందుకే మోకాలి కింద దిండు పెట్టకూడదు. హాయిగా ఉంటుంది కానీ కాలు వంకర పట్టేస్తుంది. దిండు మడమ కిందే. మనవరాలికి ఈ ఒక్క విషయం నేర్పితే చాలు, వచ్చిన చుట్టాలు జాలిపడి మోకాలి కింద పెట్టిన దిండు తీసేస్తుంది. ఐస్ ప్యాక్ తువ్వాలులో చుట్టి 15–20 నిమిషాలు, అంతే.

పిల్లలు చేయకూడని పనులూ ఉన్నాయి. అమ్మమ్మని చెయ్యి పట్టి లేపకూడదు. ప్రేమతో లాగిన ఆ ఒక్క లాగు వాచిన వేళ్ళనీ మణికట్టునీ నెలరోజులు బాధపెడుతుంది. ఆవిడే కుర్చీ చేతుల మీద ముంజేతులు ఆనించి లేవాలి, కుర్చీ 18–20 అంగుళాల ఎత్తు ఉండాలి. వాకర్ పిడిని గట్టిగా పట్టుకోలేని వాళ్ళకి, ముంజేయి మొత్తం ఆనించే పలక ఉన్న వాకర్ కావాలి. అన్ని దుకాణాల్లోనూ ఉండదు కాబట్టి ఆపరేషన్‌కి ముందే కోఠి వైపు సర్జికల్ దుకాణాల్లో వెతికి, మోచెయ్యి 90 డిగ్రీలు వంగేలా ఎత్తు సరిచేయించి పెట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మందుల డబ్బా జోలికి పిల్లల్ని అస్సలు పోనివ్వకండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏ రోజో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఇంకో మాట: మీరు అమెరికా నుంచి తెచ్చిన టైలెనాల్, ఇంట్లో ఉన్న డోలో 650 రెండూ పారాసెటమాలే. ఒకటి మీరు, ఒకటి ఆయా వేస్తే రెట్టింపు మోతాదు పడుతుంది, మెథోట్రెక్సేట్ వాడే కాలేయానికి అది మంచిది కాదు.

ఇప్పుడు చుట్టాలు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయిన ఇంటికి పరామర్శకి రాకుండా ఎవరూ ఆగరు, ఆపమనడం మర్యాద కాదు. గుమ్మం దగ్గర పని పన్నెండేళ్ళ పిల్లాడికి ఇవ్వండి. అక్కడ పెరిగిన పిల్లలకి నేరుగా చెప్పడం అలవాటు. 'చేతులు కడుక్కో' అంటాడు, ఆ 'కో'తో పెద్దాయన నొచ్చుకుంటారు. ముందే నేర్పండి: 'తాతయ్యా, లోపలికి రండి. అమ్మమ్మకి ఇన్‌ఫెక్షన్ రాకూడదన్నారు, కాస్త చేతులు కడుక్కుంటారా?' మీరు, రండి, కడుక్కుంటారా అన్న మాటలు వ్యాకరణంగా చెబితే పిల్లలకి ఎక్కవు. గుమ్మంలో నిలబడితే ఎక్కుతాయి. జలుబున్నవాళ్ళకి మాస్కు, ఒకసారికి ఇద్దరు, పదిహేను నిమిషాలు. వచ్చినవాళ్ళెవరో నువ్వులనూనెతో పిక్కలు మర్దన చేస్తామంటారు. వద్దనండి. లోపల రక్తం గడ్డ ఉంటే కదిలిపోవచ్చు. గాయం మీద పసుపూ వద్దు. పథ్యమంటూ పప్పు, గుడ్డు మాన్పిస్తారు. మానే గాయానికి కావాల్సింది అవే. శాకాహారులైతే పప్పు, పెరుగు, పనీర్ పూటపూటా పెట్టాలి.

ఇంట్లో మార్చాల్సింది ముఖ్యంగా కూర్చునే చోట్లు. నేల మీద బాసింపట్టు, పీట, ఇండియన్ టాయిలెట్ ఇక వద్దనే సర్జన్లు చెబుతారు. కమోడ్ మీద నాలుగంగుళాల రైజర్, పక్కన గోడకి పట్టుకునే కడ్డీ, స్నానానికి జారని కాళ్ళున్న ఎత్తు స్టూలు కావాలి. నీళ్ళు నిండిన మగ్గు వాచిన వేళ్ళకి బరువు, హ్యాండ్ షవర్ పెట్టించండి. పూజగదిలో పీట స్థానంలో కుర్చీ వేసి, దీపం కుందిని చేతికందే బల్ల మీదికి ఎత్తండి. మనవలు నేల మీద, అమ్మమ్మ కుర్చీలో. పువ్వులందించే పని పిల్లలది. ఆషాఢంలో వచ్చే బోనాలకి పిల్లల్ని బాబాయితోనో మామయ్యతోనో గోల్కొండకో లాల్‌దర్వాజకో పంపండి. ఆ జనంలోకి అమ్మమ్మని తీసుకెళ్ళకండి. తిరిగొచ్చిన పిల్లలు స్నానం చేసి, చూసిందంతా తెలుగులో ఆవిడకి చెప్పాలి. ఆవిడ ఓపిగ్గా వింటుంది, తప్పులూ దిద్దుతుంది.

నొప్పి విషయంలో రెండు సంస్కృతుల తేడా బాగా కనిపిస్తుంది. ఎంత నొప్పున్నా 'ఏం లేదు నాన్నా' అనడం మన అమ్మల అలవాటు. అక్కడి పిల్లలకి 'పదిలో ఎంత?' అని అడగడం డాక్టరు దగ్గర అలవాటే. ఆ అలవాటుని వాడుకోండి. రోజుకి రెండుసార్లు మనవడు అడిగి పుస్తకంలో అంకె రాయాలి. ఆపరేషన్ మోకాలికి ఒక అంకె, చేతులకి ఒకటి, రెండో మోకాలికి ఒకటి. ఎందుకంటే సూది ఆపిన వారాల్లో జబ్బు తిరగబెడితే చాలా కీళ్ళు ఒకేసారి పట్టేస్తాయి. అదే ఇన్‌ఫెక్షన్ అయితే ఆపరేషన్ మోకాలు ఒక్కటే వేడెక్కి, ఎర్రబడి, చెమ్మ కారుతుంది. స్టెరాయిడ్లు వాడేవారికి జ్వరం రాకపోవచ్చు, కాబట్టి థర్మామీటరుని నమ్మి ఊరుకోకూడదు. అప్పుడు మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి. మోకాల్లోంచి నీరు తీసి పరీక్షించేలోపు ఆ మందు పడితే ఏ క్రిమో దొరక్కుండా పోతుంది. నేరుగా సర్జన్ దగ్గరికే. పిక్క ఒకవైపే వాచి నొప్పెడితే, లేదా ఆయాసం వస్తే, అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

మీరు తిరిగెళ్ళాక లెక్క ఆగకూడదు. అమెరికాలో వేసవి గడియారం నడిచే నెలల్లో హైదరాబాద్ సాయంత్రం ఆరు, డాలస్ ఉదయం ఏడున్నర. బడికి వెళ్ళేముందు పది నిమిషాలు వీడియోలో లెక్కపెట్టడానికి అది చాలు. అమ్మమ్మ మీ దగ్గరికి రావాలంటే ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్ళాగాలో సర్జన్‌ని అడగాలి. దూరప్రయాణానికి చాలామంది మూడు నెలలు ఆగమంటారు. రాకముందు టేపు పిల్లల చేతికివ్వండి. సోఫా ఎంత ఎత్తు, మంచం ఎంత ఎత్తు, స్నానాల తొట్టి గోడ ఎంత ఎత్తు కొలిచి అంగుళాల్లో ఆవిడకి ఫోన్లో చెప్పాలి. సోఫా పదహారంగుళాలే ఉంటే కాళ్ళకింద దిమ్మెలు పెట్టాలి, తొట్టి గోడ దాటడానికి సగం లోపల సగం బయట ఉండే బల్ల కొనాలి.