777 పెట్టమన్న పెద్దమనిషి
తిరుపతిలో మా ఆఫీసు మొత్తానికీ ఉన్నది ఒకే లినక్స్ సర్వర్. బ్రహ్మోత్సవాల సెలవులకు ముందు, కొత్తగా చేరిన అమ్మాయిని జీతాల ఫోల్డరు తెరిచే అనుమతి ఉన్న గ్రూపులో చేర్చాను. “సార్, ఫోల్డరు ఇంకా తెరుచుకోవడం లేదు” అంది. లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ అవమన్నాను. కొత్త గ్రూపు అప్పుడే వర్తిస్తుంది మరి. తెరుచుకుంది.

పక్క సీటాయన ఊరుకోలేదు. “అన్నిటికీ 777 పెట్టేయండి సార్, గొడవ వదులుతుంది!” 777 అంటే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసే అంకె. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఆ సర్వర్‌లో లాగిన్ ఉన్న ప్రతివాడూ జీతాల ఫైళ్లు చదవొచ్చు, దిద్దొచ్చు, చెరిపేయొచ్చు.

జీతాల ఫోల్డరుకు 2770 పెట్టాను. మధ్యలోని రెండు 7లు ఫోల్డరు యజమానికీ, గ్రూపుకూ పూర్తి అనుమతి ఇస్తాయి. చివరి సున్నా గ్రూపు బయటివాళ్లకు తలుపు మూస్తుంది. నాకు ముద్దొచ్చేది మాత్రం ముందున్న 2: లోపల ఎవరు కొత్త ఫైలు సృష్టించినా అది ఆ గ్రూపుకే చెందుతుంది. ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు. గొణగనీ!