తడిసిన ఇంగ్లండ్ పొలంలో గోధుమ విత్తడం

మన దగ్గర వరికి దమ్ము ఎందుకు చేస్తాం? నీళ్ళు ఇంకిపోకుండా మడిలో నిలవాలని. తడి మట్టిని కలియదొక్కి, అడుగున గట్టి పొర కట్టిస్తాం. తూర్పు ఇంగ్లండ్‌లో అక్టోబరు వానల్లో పది టన్నుల ట్రాక్టరు గోధుమ పొలంలో తిరిగితే జరిగేదీ అదే, కాకపోతే ఎవరూ కోరకుండానే. వరి వేళ్ళకు నీళ్ళలో కూడా పైనుంచి గాలి అందుతుంది. మొలకెత్తుతున్న గోధుమ గింజకు ఆ సౌకర్యం లేదు. వారం పది రోజులు నీళ్ళు నిలిస్తే భూమిలోనే కుళ్ళిపోతుంది.

కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్, ఎసెక్స్ వైపు బంకమట్టి మన నల్లరేగడిలా ఎండితే బీటలు, తడిస్తే జిగురు. కానీ రేగడిలో వాన వెలిశాక నాలుగు రోజులు ఎండ కాస్తే పదును వస్తుంది. ఇక్కడ అక్టోబరు దాటాక ఎండకు ఆ శక్తి ఉండదు, డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. అక్టోబరు చివర్లో పూర్తిగా నానిన బంకమట్టి మళ్ళీ వసంతం దాకా సరిగా ఆరదనే అనుకుని పని వేసుకోవాలి. 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి వరకు, 18 నెలల్లో ఇంగ్లండ్‌లో కురిసిన వాన 1836 నుంచి ఉన్న లెక్కల్లోనే అత్యధికం. మధ్యలో 2023 అక్టోబరులో వచ్చిన బాబెట్ తుపానుకు, అప్పుడే విత్తిన చేలు చాలాచోట్ల చెరువులయ్యాయి.

మరి సెప్టెంబరులోనే విత్తేయొచ్చు కదా అంటే, బ్లాక్‌గ్రాస్ అడ్డం. ఈ కలుపు చాలావరకు అక్టోబరు మధ్యలోపే మొలుస్తుంది. అది మొలిచాక గ్లైఫోసేట్ అనే కలుపుమందుతో చంపి, ఆ తర్వాత విత్తితేనే పంట దక్కుతుంది. అలా ఆగిన రైతునే వాన పట్టుకుంటుంది. అదును కోసం ఆగితే పదును పోతుంది, పదును చూసి తొందరపడితే కలుపు మింగుతుంది. కలుపు తక్కువున్న పొలాలను, బరువు నేలలను ముందు విత్తి, బ్లాక్‌గ్రాస్ బాగా ఉన్న పొలాన్ని చివరికి ఉంచడం, అదీ తడిసిపోతే వసంత బార్లీకి వదిలేయడం తెలివైన పని. ఆ పొలంలోకే పట్టుబట్టి డ్రిల్లు (ట్రాక్టరు వెనక లాగే విత్తే యంత్రం) దించేవాళ్ళూ ఉంటారు. అలా బురదలో కుక్కిన పైరును ఇక్కడి రైతులు ‘మాల్డ్ ఇన్’ అంటారు. ఆ మాటలో మెప్పు ఏమీ లేదు.

పదును చూడటానికి పైపైన కాలితో తొక్కి చూస్తే చాలదు. గింజ పడే లోతు నుంచి, దాని కింద జానెడు లోతు నుంచి రెండు చోట్ల పారతో మట్టి తీసి, అరచేతుల మధ్య జంతికలా పామాలి. 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చినా తెగకుండా సాగితే ఆ రోజు ట్రాక్టరు షెడ్డులోనే ఉండాలి. పొడిపొడిగా విరిగితే వెళ్ళొచ్చు. వెళ్ళాక పది గజాలు విత్తి, దిగి, సాలును చేత్తో తెరవండి. సాలు గోడలు కుండ అంచులా నున్నగా మెరుస్తుంటే వేరు అందులోంచి పక్కకు పోలేదు, వాన పడితే ఆ సాలే చిన్న కాలువ అవుతుంది. డిస్కు డ్రిల్లుతో ఈ బాధ ఎక్కువ. తడి నేలలో గొర్రు పళ్ళ లాంటి కొక్కేల డ్రిల్లు మేలు. పవర్ హ్యారో (తిరిగే పళ్ళతో మట్టిని గుల్లచేసే పరికరం) జతచేసిన డ్రిల్లయితే ఉదయం దున్నినంత మేరే సాయంత్రానికి విత్తేయాలి. దున్ని వదిలిన నేల మీద రాత్రి వాన పడితే స్పాంజిలా పీల్చుకుని వారాల తరబడి కదలనివ్వదు.

టైర్ల గాలి రోడ్డు మీదకు సరిపోయేంత ఉంటే పొలానికి ఎక్కువే. పొలంలోకి దిగేముందు టైరు తయారీదారు పట్టికలో ఆ బరువుకు ఇచ్చిన కనిష్ఠానికి దించాలి. డ్రిల్లు మీది గింజల తొట్టిని (హాపరు) నిండా నింపకూడదు, సగంతో తిరగండి. పొలం అంచుల్లో మలుపు తిరిగే పట్టీని ముందు విత్తితే తర్వాత దాని మీదే వంద సార్లు తిరగాలి. అందుకే తడి ఏడాది దాన్ని చివర్లో విత్తుతారు.

విత్తనం లెక్క కిలోల్లో కంఠతా పట్టకండి. చదరపు మీటరుకు కావలసిన మొక్కల సంఖ్యను వెయ్యి గింజల బరువుతో (గ్రాముల్లో) గుణించి, మొలకెత్తి నిలుస్తాయనుకున్న శాతంతో భాగిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. 275 మొక్కలు, 50 గ్రాములు, 70 శాతం అయితే 196 కిలోలు, అంటే ఎకరానికి దాదాపు 80. నవంబరులో చలీ తడీ చూసి 50 శాతమే నిలుస్తుందనుకుంటే అదే లెక్క 275 కిలోలకు, ఎకరానికి 111కు పెరుగుతుంది. బస్తా బస్తాకూ గింజ బరువు మారుతుంది కనుక లాటు మారిన ప్రతిసారీ గొట్టాల కింద సంచి కట్టి, రాలిన గింజను తూచి, డ్రిల్లును సరిచూడాలి. ఆలస్యంగా విత్తిన పైరుకు పిలకలు తక్కువ, ఆ లోటును గింజే పూడ్చాలి. మొలక పైకి రావడానికి సుమారు 150 డిగ్రీ-రోజులు పడుతుంది, అంటే రోజువారీ సగటు ఉష్ణోగ్రతలు కూడితే 150 కావాలి. సగటు 15 డిగ్రీలుంటే పది రోజులు, 5 డిగ్రీలుంటే నెల. ఆ నెలంతా గింజ బురదలో, పురుగుల మధ్య ఉంటుంది.

డ్రిల్లు నేలలో ఉండగా ట్రాక్టరును ఒక్క అడుగు వెనక్కి తీయకండి. బురద గింజ గొట్టంలోకి ఎక్కి బిగుసుకుంటుంది. 12.5 సెంటీమీటర్ల ఎడం ఉన్న 3 మీటర్ల డ్రిల్లులో 24 గొట్టాలు. ఒకటి మూసుకుంటే క్యాబిన్‌లో తెలియదు, నెల తర్వాత పొలం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఖాళీ గీత పడుతుంది. ప్రతి మలుపులో దిగి గొట్టాల మూతులు చూడాలి. చేతులు గడ్డకడతాయి, అయినా తప్పదు.

తర్వాతి శత్రువు చిప్ప లేని నత్త. పెళ్ళల మధ్య సందుల్లో దూరి గింజ లోపలి గుజ్జును తొలిచేస్తుంది. పెళ్ళల నేలలో 4–5 సెంటీమీటర్ల లోతున విత్తితే కొంత తప్పుతుంది. రోలరు కొడితే మంచిదే కానీ తడి నేల మీద రోలరు కొడితే పైన తట్టు కడుతుంది. 20 హెక్టార్ల లోపు పొలంలో 9 చోట్ల, అంతకు మించితే 13 చోట్ల పళ్ళెం కింద కోళ్ళ దాణా పెట్టి, మర్నాడు పొద్దున్నే లెక్కపెట్టాలి. గోధుమకు సగటున పళ్ళానికి 4 లేదా అంతకు మించి ఉంటే ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు చల్లాలి. పాత మెటాల్డిహైడ్ గుళికలు 2022 మార్చి చివర నుంచి నిషేధం. షెడ్డులో మిగిలున్నా ముట్టకూడదు.

ఎంత ఆలస్యమైనా చలికాలపు రకాలకు ఒక గడువుంది. కొన్ని వారాల చలి తగలకపోతే ఆకులే వస్తాయి, వెన్ను రాదు. రకాన్ని బట్టి ఆఖరి తేదీ మారుతుంది, సిఫారసు రకాల జాబితాలో రాసి ఉంటుంది. అది దాటితే ఆ విత్తనాన్ని పొడిగా దాచి, వచ్చే శరదృతువులో మొలక శాతం పరీక్షించాకే వాడతారు. మందు పట్టించిన గింజ కనుక పశువులకు పెట్టకూడదు, తాకేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. పొలం నుంచి రోడ్డెక్కే ముందు టైర్ల బురద దులపండి. రోడ్డు మీద బురద పడేయడం 1980 హైవేస్ చట్టం కింద నేరం. గేటు దగ్గర పార, చీపురు ఎప్పుడూ ఉంచుకుంటారు.