సెన్సార్ కాదు బాబూ, సెన్షర్

నాకు వేసిన ఓ శిక్ష మీద పెట్టుకున్న అప్పీలుకి నిన్న మధ్యాహ్నం ఆర్డరు చేతికొచ్చింది. ఒళ్లు మంట తగ్గకముందే రాసేస్తున్నాను. ఆఫీసు పేరు అనవసరం, విశాఖలో కేంద్ర ప్రభుత్వ కొలువులు బోలెడు.

ఓ ఫైలు 9 రోజులు నా బల్ల మీదే ఉండిపోయిందని మెమో వచ్చింది, జవాబిచ్చాను. అంతవరకు మామూలే. ఆ తర్వాత వచ్చిన ఒక్క పేజీ కాగితంలో, 'సెన్షర్' అనే శిక్ష విధించామని ఇంగ్లీషులో ఆఖరి వాక్యం.

మా సెక్షన్ పెద్దాయన దాన్ని పదిమందిలో పైకి చదివి, "ఏటీ లేదోయ్, సెన్సారే కదా! సినిమాలకిస్తారు, నీకూ ఇచ్చారు. ఏ సర్టిఫికెట్టో చూస్కో" అన్నాడు. గదంతా నవ్వు. నేనూ నవ్వాను, అదీ నా సిగ్గు. నిఘంటువులో చూస్తే మందలింపు, గర్హణ అని ఉంది. మందలింపేలే అని 12 రోజులు ఊరుకున్నాను.

సెన్సార్ అంటే కత్తెర. సెన్షర్ అంటే తప్పుపట్టడం. సెన్సస్‌తో కలిపి మూడూ, అంచనా కట్టడమనే లాటిన్ క్రియలోంచి పుట్టినవే. రోములో సెన్సర్ అనే అధికారి జనాన్ని లెక్కపెట్టేవాడు, నడవడి బాగోలేనివాణ్ణి తప్పుపట్టేవాడు కూడా. క్రిటిసైజ్ ఎవరైనా చేస్తారు, టీ కొట్టు దగ్గర మనం రోజూ చేసేదదే. కండెమ్ చెయ్యడానికి, అంటే పనికిరాదని పక్కన పడెయ్యడానికి, పాత జీపైనా చాలు. సెన్షర్‌కి మాత్రం అధికారమున్న నోరు కావాలి, చూపడానికి తప్పు కావాలి. లోక్‌సభలోనూ అంతే: అభిశంసన (సెన్షర్) తీర్మానానికి కారణాలు రాయాలి, ఒక్క మంత్రి మీదైనా పెట్టొచ్చు. అవిశ్వాసానికి కారణం అక్కర్లేదు, కానీ మొత్తం మంత్రివర్గం మీదే పెట్టాలి.

కొలువులో దీని సంగతి వేరు. 1965 నాటి సీసీఎస్ సీసీఏ నిబంధనల్లో (కేంద్ర ఉద్యోగుల శిక్షలు, అప్పీళ్ల రూల్సు అవే), రూల్ 11 కింద చిన్న శిక్షల్లో మొట్టమొదటిది ఇదే. ఉత్త వార్నింగు ఆ జాబితాలోనే లేదు. సెన్షర్ వల్ల ఇంక్రిమెంటు ఆగదు, జీతం తగ్గదు. ప్రమోషన్ కమిటీ ముందుకు మాత్రం మీతోపాటే వస్తుంది. "వదిలెయ్ గురూ" అన్నాడు ఓ సంఘం నాయకుడు. ఆయన ప్రమోషన్ ఆయనకొచ్చేసింది మరి!

అప్పీలుకి ఆర్డరు కాపీ అందిన రోజు నుంచి 45 రోజులు. అందుకే సంతకం కింద తేదీ వెయ్యకుండా ఏ కాగితమూ తీసుకోకండి. అప్పీలు ఒరిజినల్ పై అధికారికి, నకలు శిక్ష వేసినాయనకి. రెండింటికీ రసీదు ముద్ర వేయించుకోండి. అమర్యాద మాట ఒక్కటీ ఉండకూడదని రూల్ 26లోనే ఉంది. నా మొదటి చిత్తుప్రతి నిండా తిట్లే. రాస్తున్నప్పుడు ఎంత హాయిగా ఉందో, చింపేటప్పుడు అంత బాధ వేసింది. "క్షమించండి" అని కూడా రాయొద్దు, తప్పు ఒప్పుకున్నట్టే.

నన్ను గట్టెక్కించింది రూల్ 16. చిన్న శిక్షకైనా ప్రతి అభియోగం మీదా విడిగా నిర్ణయం రాయాలంటుంది. నా ఆర్డరులో "జవాబు సంతృప్తికరంగా లేదు" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. పైగా ఆ 9 రోజుల్లో 6 రోజులు ఫైలు పై అధికారి బల్ల మీదే ఉందని, ఫైలు ఎప్పుడు ఎవరి దగ్గరుందో రాసే మూవ్‌మెంట్ రిజిస్టరే చెబుతోంది. ఆ పేజీ జిరాక్స్ తీసి జతచేశాను. ఒక్కటి గుర్తుంచుకోండి, అప్పీల్లో శిక్ష తగ్గించడమే కాదు, పెంచే అధికారమూ వాళ్లకుంది. కాగితం బలం లేకుండా దిగకండి.

నిన్నటి ఆర్డరుతో శిక్ష రద్దయింది. సర్వీసు బుక్కులో ఆ సంగతి ఎక్కించి, అధికారి సంతకం పడేదాకా గుమస్తా బల్ల దగ్గరే నిలబడ్డాను. అతగాడు అక్కడా 'సెన్సార్ రద్దు' అనే రాశాడు. దగ్గరుండి దిద్దించాను.