మంచు రోడ్డు మీద యాక్సిడెంట్, ఆపై టికెట్

"రోడ్డంతా ఐస్, నేనేం చేయను?" అనే మాట అమెరికాలో పోలీసుల దగ్గరా, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా సాధారణంగా నిలవదు. స్పీడ్ లిమిట్ గంటకు 55 మైళ్లు ఉన్నచోట 35లో వెళ్లినా, జారి ముందు కారుని గుద్దితే పరిస్థితికి మించిన వేగమని పోలీసులు టికెట్ (జరిమానా చీటీ) రాయొచ్చు. ఐస్ మీద బండి ఆగడానికి పొడి రోడ్డు కన్నా 10 రెట్ల దూరం కూడా పట్టవచ్చు మరి.

దయచేసి, ఆలోచించకుండా ఫైన్ కట్టేయకండి. చాలా రాష్ట్రాల్లో కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. లైసెన్స్ మీద తప్పుల పాయింట్లు పడొచ్చు, అవతలివాళ్ల లాయరు దాన్నే ఆధారంగా వాడొచ్చు. టికెట్ మీద ఉన్న గడువులోగా కోర్టు విచారణ అడగండి. యాక్సిడెంట్ అయినప్పుడు, సురక్షితంగా పక్కకు వచ్చాక, ఐస్ కరిగేలోపే రోడ్డు, టైర్ల ట్రెడ్ (గాడులు) ఫోటోలు తీయండి. టికెట్ రాకపోయినా నిశ్చింత కాదు. తప్పెవరిదో ఇన్సూరెన్స్ వాళ్లు విడిగా తేలుస్తారు.