ఆయమ్మని వెతికే స్క్రీన్‌ని మళ్ళీ డిజైన్ చేశాం: నా అనుభవం

బెంగళూరులో ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకి ఆయమ్మనో, ఇంటి దగ్గర్లో డే కేర్‌నో కుదిర్చిపెట్టే ఒక చిన్న సంస్థ డెస్క్‌టాప్ సైట్‌ని మళ్ళీ డిజైన్ చేసే పని నాకొచ్చింది. అందరి చేతిలోనూ ఫోనే ఉంటే డెస్క్‌టాప్ ఎందుకని టీమ్‌లోనే కొందరన్నారు. తల్లులతో మాట్లాడితే తెలిసిందేమిటంటే, వెతకడం ఫోన్‌లో మొదలైనా నిర్ణయం మాత్రం ఆఫీసు లాప్‌టాప్ ముందే జరుగుతోంది. లంచ్ టైమ్‌లో నాలుగైదు ప్రొఫైళ్ళు తెరిచి, ఒకటి భర్తకి పంపి, ఊళ్ళో ఉన్న అమ్మకి ఫోన్ చేసి అడుగుతారు. అదంతా చిన్న తెర మీద అయ్యే పని కాదు.

పాత పేజీ చీరలమ్మే సైట్‌లా ఉండేది. వరసగా ఫొటోలు, కింద స్టార్లు, ‘వెంటనే బుక్ చేయండి’ అని పెద్ద బటన్. బిడ్డని అప్పజెప్పాల్సిన మనిషికి 4.3 స్టార్లంటే ఏం అర్థం చేసుకోవాలి? టైమ్‌కి వస్తుందనా, పిల్లాడు ఏడిస్తే విసుక్కోదనా?

మారతహళ్ళిలో ఉండే ఒక తెలుగు అమ్మాయి సైట్ వాడుతుంటే పక్కన కూర్చుని చూశాను. 2017లో చట్టం సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవు 26 వారాలు వస్తోంది. ఆమెకి అది అయిపోవస్తోంది. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని కూడా చట్టం చెబుతుంది. ఆమె ఆఫీసులో ఉంది కూడా. కానీ ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో పసిపిల్లని రోజూ తిప్పడానికి మనసొప్పలేదట. ఆమె చేతిలో మౌస్ కంటే పెన్ను ఎక్కువ కదిలింది. నోట్‌బుక్‌లో గీతలు కొట్టి పేరు, ఎన్నింటికి రాగలదు, ఏ భాష, ఎంత వయసు పిల్లల్ని చూసింది, జీతం అని రాసుకుంటోంది. ఒక్కో ప్రొఫైల్లో ఒక్కో వివరం ఒక్కో మూల ఉండటంతో పేజీని పైకీ కిందికీ తిప్పుతూనే ఉంది. "ఇవన్నీ మీరే పక్కపక్కన పెట్టి చూపించొచ్చు కదండీ" అంది. కొత్త సైట్‌లో ముగ్గుర్ని పోల్చి చూసే పేజీకి ఆ నోట్‌బుక్ గీతలే ఆధారం. స్టార్లు తీసేశాం.

రెండో వైపు సంగతి ఇంకా ముఖ్యం. ఆయమ్మలు ఈ సైట్ చూడరు. ఆఫీసులో ఉండే కోఆర్డినేటర్ ఫోన్ చేసి మాట్లాడి వివరాలు ఎక్కిస్తుంది. ఆ ఫోన్లు కొన్ని విన్నాను. మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒకావిడ వరసగా అడిగింది: "కుక్క ఉండాదా? వంట కూడా నేనే చేయాల్నా? బస్సు ఒకటేనా మేడమ్, మారాల్నా?" వీటిలో ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు. సైట్‌లో ఉన్నదల్లా ‘5 కిలోమీటర్ల లోపు’ అనే ఫిల్టర్. 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చాక కర్ణాటక అడ్రసుతో గుర్తింపు కార్డు ఉన్న ఆడవాళ్ళకి మామూలు సిటీ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు, ఏసీ బస్సుల్లో మాత్రం ఉన్నాయి. కాబట్టి ఆ కార్డు ఉన్న ఆయమ్మకి కిలోమీటర్లు లెక్కలోకి రావు. 500డి నంబరు బస్సు ఎక్కితే నేరుగా దిగే ఇల్లు దూరమైనా దగ్గరే, సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు మారాల్సిన ఇల్లు దగ్గరైనా దూరమే. అందుకే ఫిల్టర్‌ని బస్సు మార్గాల మీద కట్టాం. కుటుంబానికి కూడా ప్రొఫైల్ పెట్టాం: ఇంట్లో ఎవరెవరుంటారు, పెంపుడు జంతువులున్నాయా, ఏమేం పనులు, తల్లి ఎన్నింటికి తిరిగొస్తుంది. ఒప్పుకోవాలో వద్దో ఆయమ్మ కూడా ఆలోచించుకోవాలి, అది ఆమె హక్కు.

బాగా వాదన జరిగింది ‘వెరిఫైడ్’ అనే పచ్చ టిక్కు మీద. దాన్ని విడగొట్టి, ఆధార్ ఎప్పుడు చూశాం, పోలీస్ వెరిఫికేషన్ ఏ తేదీది, అంతకుముందు పనిచేసిన ఇంటివాళ్ళతో ఎవరు మాట్లాడారు అని విడివిడిగా చూపించాలన్నాను. ఖాళీలు కనబడితే కస్టమర్లు పోతారని మార్కెటింగ్ వాళ్ళ టెన్షన్. ఖాళీ ఉన్నచోట ఖాళీ అని తల్లికి తెలియాల్సిందేనని నేను గట్టిగా నిలబడ్డాను, చివరికి ఒప్పుకున్నారు. మొదటి ఫారంలోనే పాప పేరు, ఫొటో, పుట్టినతేదీ అడగడం కూడా మాన్పించాను. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేస్తుంది. అది అలా ఉంచినా, ఆయమ్మని వెతకడానికి పాప వయసు ఎన్ని నెలలో తెలిస్తే చాలు, ఫొటో దేనికి?

తెలుగు, కన్నడ అక్షరాలతో కొంచెం ఇబ్బంది వచ్చింది. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ ఎత్తులో ‘లక్ష్మి’ కింద ఒత్తులు తెగిపోయేవి. ఎత్తు పెంచి, నోటో సాన్స్ ఫాంట్ పెట్టాక సర్దుకుంది.

ఇప్పుడు మా ముందున్న పని, ఆయమ్మకి పొద్దున్నే జ్వరమొస్తే ఏం చేయాలన్నది. ఎవరో ఒకర్ని పంపే బటన్ పెట్టడం తేలికే. కానీ ఏడెనిమిది నెలల పిల్లలు కొత్త ముఖం చూస్తే బెదిరిపోతారు. మొదటి వారంలోనే బదులు వచ్చే మనిషిని కూడా ఇంటికి తీసుకెళ్ళి పరిచయం చేసి, ఆమె పేరు ఆ కుటుంబం పేజీలో ముందే కనబడేలా చేయాలని అడుగుతున్నాను. దానికి డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర చర్చ నడుస్తోంది.